అరటి మరక

మకుందుచి
ఫిబ్రవరి 25, 1996

తమ్ముడు సిమాయికి అన్న కొంబో దీవెనలు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఈద్ కూడా బాగానే జరిగింది. నువ్వు రాలేదు కాబట్టి నీ వంతు హల్వా మీ వదిన రెండు రోజులు దాచి, మూడో రోజు చీమలు పట్టాక కోళ్ళకు వేసింది. ఆ సంగతి తప్పకుండా రాయమని తనే చెప్పింది.

నేను రాస్తున్నది పడవ గురించి. నాన్న పోతూ ఆ పడవ మనిద్దరికీ అన్నాడు, నీ ఒక్కడికీ కాదు. "నెల రోజులన్నా, నుంగ్విలో అతిథుల్ని నాలుగుసార్లు పగడపు దిబ్బల దాకా తిప్పి తెచ్చేస్తా" అని తీసుకెళ్ళావు. పద్నాలుగు నెలలైంది. దీవికి ఆ కొసన నువ్వు, ఈ కొసన నేను. నెలకు రెండుసార్లు సముద్రం బాగా వెనక్కి పోయే రోజుల్లో ఊరంతా ఆక్టోపస్ వేటకు దిబ్బ అంచుకు పడవలేసుకుని పోతుంటే, నేను పక్కవాడి పడవలో చోటు అడుక్కుంటున్నాను. "ఏం కొంబో, మీ తమ్ముడు నీ పడవలో తెల్లోళ్ళకి ఈత నేర్పుతున్నాడంటగా. నువ్వు ఈదుకుంటా వచ్చెయ్" అని నవ్వుతున్నారు. నవ్వరా మరి?

నిరుడు మ్వాకా పండగ నాడు నువ్వు చేసిన పని నేను మరిచిపోయానని అనుకోకు. ఏడాదంతా కూడబెట్టుకున్న కోపాలు అరటి బొందలతో కొట్టుకుని వదిలించుకునే వేళ అది. నేను బొంద పట్టుకుని నీ ఎదురుగా నిలబడితే నువ్వన్న మాట ఏమిటి? "ఇప్పుడు కాదన్నా, చొక్కా పాడవుద్ది." జేబు మీద హోటలు పేరు కుట్టిన తెల్లచొక్కా! నీ వెనక గొడుగుల కింద నీ అతిథులు, వాళ్ళ చేతుల్లో అట్టపెట్టెల భోజనం. ఇంట్లో మీ వదిన వండిన పలావు పరాయి చెయ్యి పడకుండానే చల్లారిపోయింది. పండగ నాడు అతిథి తినని ఇంటికి ఆ ఏడు కలిసిరాదని మన ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఆ తర్వాత మా ఇంట్లో ఏం జరిగిందో రాయను. రాసి లాభం లేదు.

పడవ పంపు.

కొంబో


నుంగ్వి
మార్చి 21

అన్నయ్యకు సిమాయి నమస్కారాలు.

నీ ఉత్తరం దలదల బస్సు డ్రైవరు జేబులో ఆరు రోజులు తిరిగి, చేపల వాసనతో నా చేతికి వచ్చింది. చదువుతుంటే నువ్వు ఎదురుగా నిలబడి అరుస్తున్నట్టే ఉంది.

పడవకు రంగు వేయిస్తున్నాను. నుంగ్వి వడ్రంగులు ఎంత గొప్పవాళ్ళో అంత నిదానస్తులని నీకు తెలుసు. ఒక పక్క ఆరాలి, రెండో పక్క వెయ్యాలి, ఈలోగా వాన. తొందరపెడితే చెక్కుతున్న చెక్క పక్కన పెట్టి టీ తాగడానికి పోతారు. నువ్వే కాస్త ఓపిక పట్టు.

నా బతుకు కూడా తేనెలో ఏమీ తేలడం లేదు. మా మేనేజరుకు నా పేరు ఇప్పటికీ రాదు. "మకుందుచి బాయ్" అంటాడు. ముప్పై నాలుగేళ్ళవాణ్ణి, బాయ్! సూర్యాస్తమయం బాగా లేకపోయినా అతిథులు నాకే ఫిర్యాదు చేస్తారు. మొన్న ఒకావిడ సముద్రం పొద్దున్న ఉన్నచోట మధ్యాహ్నం లేదేమిటని నన్ను నిలదీసింది. పోటూ పాటూ నా చేతిలో ఉన్నట్టు!

కానీ ఒక దారి దొరికింది. మ్వాకా పండగకు అతిథులను నేనే తీసుకొస్తానని మేనేజరుకు చెప్పాను. ఈసారి అట్టపెట్టెలు ఉండవు. అందరూ మన ఇంట్లోనే భోంచేస్తారు. ఇది కుదిరితే గైడ్లందరి మీదా నన్ను పెద్దను చేస్తానన్నాడు. నిరుడు జరిగిందానికి ఇదే నా సమాధానం అనుకో.

వదినను అడిగానని చెప్పు. హల్వా విషయంలో కోళ్ళకు మేలు జరిగిందనుకుంటాను.

నీ తమ్ముడు
సిమాయి


మకుందుచి
ఏప్రిల్ 14

సిమాయికి,

వానలు పట్టుకున్నాయి. ఇల్లు కారుతోంది. పడవకు రంగు ఎవడడిగాడు? నాన్న ఉన్నన్నాళ్ళూ దానికి సొరచేప నూనె తప్ప ఇంకొకటి పూయలేదు. రంగేసి దాని మీద ఇంగ్లీషులో పేరు కూడా రాయిస్తున్నావేమో. రంగు ఆరకపోతే తడిదే పంపు. తడవడం పడవకు కొత్త కాదు.

మీ వదిన నాచు కోతకు వెళ్ళడం మానేసింది. ఎందుకని అడక్కు.

కొంబో


నుంగ్వి
మే 29

అన్నయ్యకు,

వదిన ఎందుకు మానేసిందో అడగవద్దన్నావు. అడగను. నువ్వు చెప్పేది సగం, మింగేది సగం. నీకిది నాన్న దగ్గర్నుంచి వచ్చిన జబ్బు.

దీంతోపాటు ఒక కాగితం పెట్టాను చూడు. పట్నంలో అచ్చువేయించాం, అయిదు వందల కాపీలు. మాటలన్నీ నావే. ఇంగ్లీషులో ఉంది కాబట్టి కింద నీకోసం మన మాటల్లో రాస్తున్నాను.

'మకుందుచి: మనిషి అడుగు పడని తెల్లని తీరం. నీళ్ళు తగ్గినప్పుడు అద్దంలాంటి మడుగుల్లో నక్షత్ర చేపలు. సరుగుడు చెట్ల నీడలో విశ్రాంతి. దారిలో ఎర్రకోతుల అడవిలో నడక, డాల్ఫిన్లతో ఈత. జులై 24న ప్రాచీన నూతన సంవత్సర వేడుక: మగవాళ్ళు సరదాగా కొట్టుకుంటారు, తాటాకుల గుడిసెకు నిప్పు పెడతారు, స్త్రీలు ప్రేమగీతాలు పాడతారు. స్థానిక కుటుంబంతో భోజనం.'

స్థానిక కుటుంబం అంటే నువ్వూ వదినా. పన్నెండు మంది ఇటలీ వాళ్ళు ఇప్పటికే పేర్లిచ్చారు. ఇరవై మూడు సాయంత్రం విమానం దిగుతారు, ఇరవై నాలుగు పొద్దున్నే బండిలో మీ దగ్గర ఉంటాం. పలావులో మిరియాలు తగ్గించమను. ఆక్టోపస్ కొబ్బరిపాలతో వండితే చాలు, బతికున్నది ఎదురుగా తెచ్చి చూపించవద్దు.

ఎలా ఉందో రాయి. నాకు నీ మాట కావాలి.

సిమాయి


మకుందుచి
జూన్ 16

గొప్ప రచయిత సిమాయి గారికి,

కాగితం చదివాను. మన ఊరు అంత అందంగా ఉంటుందని తెలీక ఇన్నాళ్ళూ ఇక్కడే బతికేస్తున్నాను.

మనిషి అడుగు పడని తీరమట! మొన్నటిదాకా మీ వదినతో కలిపి నలభై మంది ఆడవాళ్ళు ఆ తీరాన మోకాళ్ళ లోతులో నాచు తీగలు కట్టుకుంటూ నడిచారు. వాళ్ళవి అడుగులు కావేమో. సరుగుడు నీడలో విశ్రాంతి తీసుకునేది మన ఊరి జుమాగాడి మేకలు. వాటి ప్రసాదం ఎక్కడెక్కడ ఉంటుందో కూడా అచ్చువేయించాల్సింది, పాపం తెల్లగుడ్డలు కట్టుకుని వస్తారు. ఇక ప్రేమగీతాలు. నిరుడు మన మేనత్త కజీజా గొంతు చించుకుని పాడింది అల్లుడి బద్ధకం గురించి. ఆ అల్లుడు ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

అన్నిటికంటే 'సరదాగా' అన్న మాట నాకు నచ్చింది. సరదాగా కొట్టుకుంటామా? ఏడాది పొడుగునా మింగుకున్నది ఆ ఒక్క గంటలో కక్కేసి, మళ్ళీ ఒక కంచంలో తినడానికి కొట్టుకుంటాం. అది నీకు తెలుసు. తెలిసీ సరదా అని రాశావు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

నీ అతిథులు మాకు అక్కర్లేదు. జాంబియాని నుంచి మీ వదిన మేనమామ వస్తానన్నాడు. ఆయనే ఈసారి మా ఇంటి అతిథి.

పడవ ఏమైంది?

కొంబో


నుంగ్వి
జులై 3

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక్కటంటే ఒక్క మంచి మాట దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

మన ఊరిని నేను అమ్ముకుంటున్నానని నీ బాధ. అమ్మక నన్నేం చెయ్యమంటావు? నువ్వు ఆక్టోపస్ అమ్ముతావు, నేను దాన్ని చూపించి అమ్ముతాను. కోటి విద్యలు కూటి కొరకే. నాకు ఈ పన్నెండు మందీ కావాలి. మేనేజరు ఈసారి స్వయంగా వస్తానంటున్నాడు. ఆయన ముందు ఒక్క పొరపాటు జరిగినా నా పని అయిపోయినట్టే.

అందుకే తోడబుట్టినవాడివని అడుగుతున్నాను. మేకలు, పాటలు పక్కన పెట్టు. ఆ కాగితంలో నిజంగా తప్పు ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పు. దిద్దుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది. తర్వాత వేళాకోళం చేద్దువుగాని.

సిమాయి


మకుందుచి
జులై 11

సిమాయికి,

తప్పేమీ లేదు. రాసిన రోజుకే రా.

కొంబో


మకుందుచి
జులై 20

మరిది సిమాయికి వదిన మీజె రాయునది.

నా అక్షరాలు చూసి నవ్వకు. ఏడో తరగతి తర్వాత నేను రాసిన మొదటి ఉత్తరం ఇదే. మీ అన్నకు తెలీదు. దలదల డ్రైవరుకు వేయించిన ఆక్టోపస్ ఒక పొట్లం ఇచ్చి, రేపటిలోగా నీ చేతికి అందకపోతే బండికి దిష్టి పెడతానని చెప్పి పంపుతున్నాను.

జాంబియానిలో మా మేనమామ బావి గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. రాలేడు. ఊళ్ళో అందరికీ అతిథులు ఖాయమైపోయారు. నేను అడగని గడప లేదు.

నిన్న చాప దులుపుతుంటే కింద నీ అచ్చుకాగితం దొరికింది. కింద నీ చేతిరాత కూడా చదివాను. ఇరవై నాలుగు ఏమిటి, సిమాయీ? పండగ ఇరవై మూడున. ఈ ఏడు ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది వచ్చింది కదా. మన లెక్కలో ఆ అదనపు రోజు లేదు. ముప్పై ఆరు పదులు, పైన అయిదు రోజులు, ఏడాది అయిపోయింది. అందుకే నాలుగేళ్ళకోసారి పండగ క్యాలెండరులో ఒక రోజు ముందుకు జరుగుతుంది. పండగ రోజు లెక్కగట్టే ఉస్సీ తాత తాడు ముడులు లెక్కపెట్టి నెల కిందటే మసీదు దగ్గర చెప్పేశాడు. నువ్వు హోటలు గోడ మీది క్యాలెండరు చూసి నిరుటి తేదీనే వేయించినట్టున్నావు.

మీ అన్నను అడిగాను. "ఇది తప్పని నీకు తెలుసా?" అన్నాను. "తెలుసు" అన్నాడు. "మరి చెప్పలేదేం?" "వాడు అడగలేదు." "అడిగాడు, ఆ ఉత్తరం కూడా చాప కిందే ఉంది. చదివా" అన్నాను. టోపీ పెట్టుకుని మసీదుకు వెళ్ళిపోయాడు. అది నమాజు వేళ కూడా కాదు.

నువ్వు మేనేజరును వెంటబెట్టుకుని వచ్చి చల్లారిన బూడిద ముందు నిలబడాలని ఆయన ఆశ. నిరుటి కోపం అంత పాతుకుంది. కానీ ఆయన నీకు తవ్విన గోతిలో పడబోతున్నది నేను. ఆయన నీకు రాయనిది నేను రాస్తాను. నిరుడు పండగైన రెండు నెలలకు నా కడుపు పోయింది. అయిదో నెల. ఇప్పుడు మళ్ళీ ఏడు నెలలు నిండాయి. నర్సమ్మ అంతా బాగుందంటుంది. నాకు మాత్రం భయంగా ఉంది. ఈసారి కూడా మా ఇంట్లో అతిథి తినకుండా పండగ వెళ్ళిపోతే నేను తట్టుకోలేను. ఇది మూఢనమ్మకమని నీ హోటలువాళ్ళు అనుకుంటే అనుకోనీ.

నీ పన్నెండు మంది సంగతి నాకు తెలీదు. నువ్వొక్కడివి వచ్చి నాలుగు ముద్దలు తిను. తోడబుట్టినవాడు అతిథి అవుతాడా అని ఉస్సీ తాతను అడిగాను. "వేరే ఊళ్ళో పొయ్యి ఉన్నోడు ఎవడైనా అతిథే" అన్నాడు.

పలావులో మిరియాలు తగ్గించను. అది ముందే చెబుతున్నా.

మీజె


నుంగ్వి
జులై 22

కొంబో,

ఈసారి అన్నా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

అడిగాను నిన్ను. తోడబుట్టినవాడివని పేరు పెట్టి అడిగాను. 'తప్పేమీ లేదు, రాసిన రోజుకే రా' అని నీ చేత్తో నువ్వు రాశావు. ఆ ఉత్తరం నా దగ్గర ఉంది.

మేనేజరుకు ఇప్పుడే చెప్పాను. ఎర్రబడ్డాడు, తెల్లబడ్డాడు. ఇటలీ వాళ్ళు రేపు సాయంత్రానికి గానీ విమానం దిగరు. "నీ ఊరి పండగ ఎప్పుడో నీకే తెలీదా?" అని అందరి ముందూ అడిగాడు. నిజమే కదా, నాకే తెలీలేదు. రేపు వాళ్ళను విమానాశ్రయం నుంచి తీసుకురావలసింది నేనే. ఎక్కడికైనా కదిలితే తిరిగి రానక్కర్లేదన్నాడు.

నేను రావడం లేదు. వదినకు ఏం చెప్పుకుంటావో నువ్వే చెప్పుకో.

సిమాయి


మకుందుచి
జులై 27

తమ్ముడు సిమాయికి,

నువ్వు వెళ్ళి మూడు రోజులైంది. నువ్వు రాకముందు ఆ రోజు ఇక్కడ ఏం జరిగిందో నీతో చెప్పలేకపోయాను. ఎదురుగా ఉంటే నాకు మాటలు రావు, నీకు తెలుసు.

నీ ఇరవై రెండో తేదీ చీటీ ఆ రాత్రికే అందింది. మీ వదిన నా చేతిలోంచి లాక్కుని చదివింది. తిట్టి ఉంటే బాగుండేది. పొద్దున్నే లేచి మామూలుగానే పలావుకు ఎసరు పెట్టింది. కొత్త బట్ట కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. గిన్నె మూత తీయలేదు.

నేను రోడ్డు మీదికి పోయాను. సిగ్గు విడిచి చెబుతున్నా, వచ్చే పోయే ప్రతివాణ్ణీ ఆపాను. దలదల కండక్టరు చెయ్యి పట్టుకుని, "నాయనా, ఒక్క ముద్ద తిని పో, మా ఇల్లు ఇక్కడే" అన్నాను. "పెద్దాయనా, నాకు ఇప్పటికే నాలుగిళ్ళ పిలుపులున్నాయ్, నా పొట్ట ఏం సంచి కాదు" అన్నాడు. బందోబస్తుకు వచ్చిన పోలీసును పిలిచాను. ఆయన్ని మేనత్త కజీజా అప్పటికే కట్టేసుకుంది. ఉప్పు అమ్ముకునే వాడొకడు సైకిలు మీద వచ్చాడు. వాడి ఊరేదని అడిగితే మన ఊరే అన్నాడు, ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు. నువ్వు మేనేజరు ముందు తలవంచుకుని నిలబడితే చూడాలని నెల రోజులు ఆశపడ్డవాణ్ణి, ఉప్పు వాడి ముందు తల వంచుకుని నిలబడ్డాను.

మైదానంలో డప్పులు మొదలయ్యాయి. నేను బొంద పట్టుకుని ఎవరి ఎదుటా నిలబడలేదు. నాకు కోపం ఉన్నది ఒక్కడి మీద, వాడు నుంగ్విలో ఉన్నాడు.

అంతలో నువ్వు జనాన్ని తోసుకుంటూ వచ్చావు. అదే చొక్కా, జేబు మీద హోటలు పేరు. కింద పడ్డ బొంద ఒకటి తీసుకుని "తేదీ!" అని నా భుజం మీద వేశావు. తర్వాత "చాప కింద దాచావ్!" అని రెండోది. నేను "చొక్కా!" అని ఒకటి, "పడవ!" అని ఇంకోటి వేశాను. "పడవ" అన్నప్పుడు నువ్వు ఒక్క క్షణం బిగుసుకుపోయావు. దెబ్బ గట్టిగా తగిలిందేమోనని నాకు జాలేసింది. బొందలు రెండూ పీచు పీచయ్యేదాకా కొట్టుకున్నాం. ఉస్సీ తాత గుడిసెకు నిప్పు పెట్టింది నేను చూడనే లేదు. పొగ ఊరి మీదికి రాకుండా సముద్రం వైపు పోయిందని, శకునం మంచిదేనని తర్వాత చెప్పారు.

నువ్వు మూడు కంచాలు తిన్నావు. మీ వదిన ఎదురుగా కూర్చుని, నీ చెయ్యి నోటికి వెళ్ళిన ప్రతిసారీ చూసింది. నువ్వు లేచాక లోపలికి పోయి, నాకు వినపడకుండా ఏడ్చింది. నాకు వినపడింది.

తేదీ దాచినందుకు క్షమించమని అడగను. కొట్టేశావు కాబట్టి అడగనక్కర్లేదు, మన ఆచారంలో ఉన్న సుఖం అదొక్కటే. కానీ సిమాయీ, అది తప్పే.

చొక్కా ఇక్కడే వదిలేసి నా లుంగీ, బనీను వేసుకుని పోయావు. మీ వదిన ఉప్పునీళ్ళలో ఒకసారి, నిమ్మకాయతో ఒకసారి ఉతికింది. అరటి మరక పోలేదు.

పడవ ఎప్పుడు తెస్తావు? కోపంగా అడగడం లేదు.

కొంబో


నుంగ్వి
ఆగస్టు 8

అన్నయ్యకు,

ఉద్యోగం పోయింది. అది నీకు చెప్పనక్కర్లేదు. మేనేజరు నా బదులు ఇంకొకణ్ణి ఇచ్చి ఇరవై నాలుగున ఇటలీ వాళ్ళను పంపాడు. వాళ్ళు బూడిదకు కూడా ఫోటోలు తీసుకుని, చాలా బాగుందని సంతోషంగా తిరిగి వచ్చారట! నేనెందుకు అంత భయపడి చచ్చానో నాకే అర్థం కావడం లేదు. హోటలు చొక్కా తిరిగి ఇవ్వమంటున్నారు. ఊళ్ళో మరిచిపోయానని చెప్పాను.

ఇక అసలు సంగతి. కూర్చుని చదువు.

పడవ లేదు. రంగు వేయిస్తున్నానన్నది అబద్ధం. నీకు మొదటి జవాబు రాసేనాటికే అది ముక్కలై ఉంది. మార్చి మొదట్లో మేనేజరు నలుగురు ఎక్కే పడవలో ఏడుగురిని ఎక్కించమన్నాడు. కాదనలేకపోయాను. గాలి తిరిగింది, దిబ్బకు తగిలాం. ఒక పక్క తూకానికి కట్టిన రెక్క విరిగిపోయింది, అడుగు నిలువునా చీలింది. మనుషులకు ఏమీ కాలేదు, మోకాలి లోతే. నాన్న చెక్కిన ముక్కు భాగం ఒక్కటి పట్టుకుని ఒడ్డుకు నడిచాను. అది నా గదిలో ఉంది.

వడ్రంగులకు చూపించాను. "ఇది పడవ కాదు, వంటచెరుకు" అన్నారు.

మైదానంలో నువ్వు "పడవ!" అని కొట్టినప్పుడు చెప్పేద్దామనుకున్నాను. తర్వాత పలావు ముందు చెప్పేద్దామనుకున్నాను. వదిన ముఖం చూసి ఊరుకున్నాను. నువ్వు తేదీ దాచావని అంత ఎగిరినవాణ్ణి, నేను దాచింది నీది కంటే పెద్దది. ఏమనుకుంటావో అనుకో.

సిమాయి


మకుందుచి
ఆగస్టు 19

ఒరేయ్ సిమాయీ,

వంటచెరుకా! నాన్న పడవ వంటచెరుకా! అయిదు నెలలు నన్ను వెర్రివాణ్ణి చేశావు కదరా! ఒక పక్క ఆరాలన్నావు, రెండో పక్క వెయ్యాలన్నావు! ఊరందరికీ "రంగు వేయిస్తున్నాడు మా తమ్ముడు" అని నేను చెప్పుకుతిరిగాను!

ఉత్తరం పట్టుకుని తిన్నగా ఉస్సీ తాత దగ్గరికి పోయాను. "తాతా, పడవ తేలేదని కొట్టాను. విరగ్గొట్టాడని ఇప్పుడు తెలిసింది. తెలియక కొట్టింది లెక్కలోకి వస్తదా?" అని అడిగాను.

"దెబ్బ తగిలిందా?" అన్నాడు.

"తగిలింది."

"ఏమని కొట్టావ్?"

"పడవ అని."

"అయితే పడవ అయిపోయింది. పో" అన్నాడు.

అదీ నా బతుకు. కొట్టినదానికి మళ్ళీ కోపం పెట్టుకోకూడదు. పెట్టుకుంటే మన పండగకు అర్థమే లేదు. పెట్టుకోకుండా ఉండాలంటే నా వల్ల కావడం లేదు. మూడు రోజులుగా తీరం మీద అటూ ఇటూ తిరుగుతున్నాను. నీ అచ్చుకాగితంలో రాసిన, మనిషి అడుగు పడని తీరమే. మీ వదిన నన్ను చూసి నవ్వుతోంది. నీ మీద ఎంత కోపం ఉందంటే, ఈ ఉత్తరం పంపడానికి కూడా


సెప్టెంబరు 12

పై ఉత్తరం అక్కడే ఆగిపోయింది. అదే కాగితం మీద మళ్ళీ రాస్తున్నాను, కాగితం దండగ ఎందుకని.

మొన్న సోమవారం పొద్దున్న మీ వదినకు నొప్పులు వచ్చాయి. ఆస్పత్రిదాకా కండక్టరు తన దలదలలో ఒక్క చోటా ఆపకుండా తీసుకెళ్ళాడు. పలావుకు రానన్నాడే, వాడే. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా లోపలి నుంచి ఏ శబ్దమూ లేదు. నిరుడు కూడా అదే బల్ల మీద కూర్చున్నాను. ఏవేవో ఆలోచనలు వచ్చాయి. నువ్వు తిన్న మూడు కంచాలూ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నాను. రెండోసారి ఆక్టోపస్ వేసుకున్నావా లేదా అన్నది ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పిచ్చివాడిలా అదే ఆలోచించాను.

అసరు నమాజు వేళకు ఏడుపు వినపడింది. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. మ్వాకా అని పేరు పెట్టాం.

పసిబిడ్డకు చుట్టడానికి మెత్తటి పాతగుడ్డ కావాలంటే, మీ వదిన నీ తెల్లచొక్కా చించింది. జేబు మీది హోటలు పేరు కుట్టు విప్పి తీసేసింది. మరక మాత్రం అలాగే ఉంది. హోటలువాళ్ళు మళ్ళీ అడిగితే, అది పనిలో ఉందని చెప్పు.

నాన్న చెక్కిన ఆ ముక్కు భాగం తీసుకుని రా. మన పొలం గట్టున పెద్ద మామిడి మాను ఒకటి చూసి పెట్టాను. ఇద్దరం దొలిస్తే వచ్చే ఆక్టోపస్ రోజులకు పడవ అవుతుంది. నువ్వు వచ్చేదాకా గొడ్డలి వెయ్యను. నీ మీద నాకు కోపం లేదు. ఉన్నా అది వచ్చే పండగదాకా ఆగాలి.

వచ్చే ఏడు మ్వాకా పండగ జులై ఇరవై మూడున. ఆ పై రెండేళ్ళూ ఇరవై మూడే. రెండు వేల సంవత్సరంలో ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది వస్తుంది, అప్పుడు ఇరవై రెండు. ఉస్సీ తాతను అడిగి మరీ రాస్తున్నాను. రాసిపెట్టుకో.

నీ అన్న
కొంబో